బస్టర్ కీటన్ ‘ది జనరల్’ చూడబోతున్నారా? ఇలా చూడండి

మూకీ కామెడీ అనగానే చాప్లిన్ దగ్గరే ఆగిపోకుండా బస్టర్ కీటన్ ‘ది జనరల్’ కూడా చూడండి, అందులోనూ పెద్ద రైల్వే జంక్షన్ పక్కన పెరిగిన మన బెజవాడ వాళ్లు తప్పకుండా చూడాలి, ఎందుకంటే ఇది దాదాపు మొత్తం రైలింజన్ మీద నడిచే సినిమా. క్లైడ్ బ్రక్‌మన్‌తో కలిసి కీటన్ 1926లో తీశాడు, హీరో కూడా తనే. అమెరికా అంతర్యుద్ధంలో, 1862లో నిజంగా జరిగిన ఇంజన్ దొంగతనం దీనికి ఆధారం. శత్రువులు తన ఇంజన్‌ని ఎత్తుకుపోతే డ్రైవరు వెంటపడి తిరిగి తెచ్చుకుంటాడు, కథ అంతే.

ఫోన్‌లో మాత్రం చూడొద్దు, టీవీలో పెట్టుకోండి. కీటన్ కెమెరాని దూరంగా పెట్టి మనిషినీ, ఇంజన్‌నీ, పట్టాలనీ ఒకే ఫ్రేమ్‌లో చూపిస్తాడు. అతని మొహంలో నవ్వు ఉండదు, కాబట్టి మొహం మీదే కళ్లు పెట్టకుండా చుట్టూ ఏం జరుగుతోందో గమనించండి. ఒకచోట వంచిన తల ఎత్తకుండా కట్టెలు కొడుతుంటాడు, వెనకాల తన సైన్యం వెనక్కి పోతుంది, శత్రు సైన్యం ముందుకొచ్చేస్తుంది, అతనికి మాత్రం ఏమీ తెలీదు.

స్లీపర్ (పట్టాల కింద అడ్డంగా వేసే చెక్క దుంగ) సీన్ దగ్గర వెనక్కి తిప్పి మళ్లీ చూడండి. నడుస్తున్న ఇంజన్ ముందు కూర్చుని, చేతిలో ఉన్న బరువైన స్లీపర్‌ని పట్టాల మీద అడ్డంగా పడున్న ఇంకో దాని చివర మీద వేస్తాడు, అది ఎగిరి పక్కన పడుతుంది. టైమింగ్ కొంచెం తప్పినా ప్రమాదమే. దాన్నే ముక్కలు ముక్కలుగా కట్ చేసి చూపించి ఉంటే నవ్వేవాళ్లమేమో గానీ నమ్మేవాళ్లం కాదు. నా దృష్టిలో కీటన్ గొప్పతనమంతా ఇక్కడే ఉంది. వంతెన కూలే షాట్ కూడా అంతే, బొమ్మ కాదు, ఆరిగన్ రాష్ట్రంలో నిజం ఇంజన్‌నే నదిలో పడేశారు. కృష్ణ మీద రైలు వంతెన దాటే అలవాటున్న వాళ్లకి గుండె ఝల్లుమంటుంది.

రెండోసారి సౌండ్ తీసేసి చూడండి. ఇప్పుడు దొరికే కాపీల్లో మ్యూజిక్ తర్వాత వేర్వేరు వాళ్లు కట్టింది, అది లేకపోతే కీటన్ లయ ఇంకా బాగా తెలుస్తుంది.

ఒక విషయం మాత్రం నాకు మింగుడుపడదు. హీరో బానిసత్వాన్ని నిలబెట్టడానికి పోరాడిన దక్షిణాది పక్షం వాడు, సినిమా ఆ ప్రశ్న జోలికే పోదు. అది గుర్తుపెట్టుకునే చూడాలి.

నచ్చితే తర్వాత 1924 నాటి ‘షెర్లాక్ జూనియర్’ పెట్టండి, ముప్పావు గంటే. అందులో హీరో సినిమా తెరలోకే దూకేస్తాడు, ఇక్కడ వద్దనుకున్న కట్‌లతోనే అక్కడ ఆడుకున్నాడు.