సూర్యలంక ఇసుకలో ఒక రాత్రి: మన జిల్లా వాళ్లకు

మా మిర్యాలగూడ వైపు పిల్లలు సాగర్ ఎడమ కాలువలో ఈత నేర్చుకుంటారు. ఆ ధైర్యంతోనే సముద్రంలోకీ దిగుతారు. బాపట్ల దగ్గరి సూర్యలంక తీరంలో గుడారం వేసుకుని రాత్రి ఉంటామన్న వాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే: కాలువ ఈత అక్కడ చాలదు. కాలువకు పట్టుకోవడానికి గట్టుంటుంది. సముద్రంలో వెనక్కి మళ్లే అల కాళ్ల కింది ఇసుకను కూడా లాక్కుపోతుంది. అలల మధ్య నురగ లేకుండా నిమ్మళంగా కనిపించే పాయను అసలు నమ్మకండి. నీరు లోపలికి లాగేది చాలాసార్లు అక్కడే. చిక్కుకుంటే ఎదురీదకుండా, తీరం వెంబడి పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు మళ్లాలి. పిల్లలను మోకాలి లోతు దాటనివ్వకండి.

రైల్లో గుంటూరు మీదుగా బాపట్ల చేరితే, అక్కడి నుంచి తీరం సుమారు 9 కిలోమీటర్లు. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు హాయిగా ఉంటుంది. అంతకుముందు తుపాన్ల భయం. కార్తీక పౌర్ణమికైతే సముద్ర స్నానాల జనంలో గుడారానికి చోటెక్కడిది?

రాత్రి ఉండవచ్చో లేదో అక్కడి పోలీసులను ముందే అడగండి. కాదంటే వాదించకుండా గది తీసుకోండి. సరే అంటే, ఇసుక మీద నాచు, పుల్లలు, గవ్వలు వరుసగా పడి ఉన్న చోటు వెతకండి. పోటు అక్కడిదాకా వచ్చిందన్నమాట. గుడారం దానికి బాగా పైన, సరుగుడు చెట్ల వైపు వేయాలి. అమావాస్యకూ పున్నమికీ పోటు ఇంకా పైకి వస్తుంది కనుక క్యాలెండరు చూసుకుని బయలుదేరండి. మేకులు ఇసుకలో నిలవవు. బియ్యం సంచుల్లో ఇసుక నింపి, తాడు కట్టి, మోచేతి లోతున పాతిపెట్టండి. ఇన్ని రైసు మిల్లులున్న ఊరి వాళ్లకు సంచులు కొనమని చెప్పనవసరం లేదు.

తాగే నీళ్ల సంగతీ అంతే. నీళ్లలో ఫ్లోరైడు బాధ చూసిన నల్గొండ జిల్లా వాళ్లం, క్యాను లేకుండా గడప దాటం. అయితే ఉప్పు కడుక్కోవడానికి మరో క్యాను వేసుకోండి.

శీతాకాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తాయి. నెగడు వద్దు, పెద్ద లైట్లు వద్దు. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు వెలుగును చూసి సముద్రం వైపు కాకుండా మీ వైపు నడుస్తాయి.

ఇంటికి రాగానే గుడారం జిప్పులను మంచినీటితో కడిగి, నీడలో ఆరబెట్టండి. లేకపోతే మళ్లీ ఏడాదికి అవి తెరుచుకోవు.