ఒక్కసారి "వద్దు" అని చెప్పి చూడండి

నిశ్చితార్థానికీ పెళ్లికీ మధ్య నాకు నాలుగు నెలలు టైమ్ ఉంది. ఆ నాలుగు నెలలూ అతను రోజుకు పది పదిహేనుసార్లు ఫోన్ చేసేవాడు, నేను లేవకముందే మెసేజ్, మధ్యాహ్నం "తిన్నావా", రాత్రి ఒంటిగంట దాకా కబుర్లు. ఇంట్లో అందరూ అదృష్టవంతురాలివే అన్నారు, నేనూ అదే అనుకున్నాను. ఒకరోజు ఆఫీసులో పని ఒత్తిడిలో రెండు గంటలు ఫోన్ చూసుకోలేదు. చూసేసరికి 37 మిస్డ్ కాల్స్. ఆ తర్వాత రెండు రోజులు మాటల్లేవు, ఆ రెండు రోజులూ నేనే బతిమాలుకున్నాను. ప్రేమ పేరుతో మనల్ని గుప్పిట్లో పెట్టుకునే నార్సిసిస్టును, అంటే తన గొప్పే తప్ప ఎదుటివాళ్ల బాధ పట్టని మనిషిని, ముందే ఎలా గుర్తుపట్టాలో, ఎలా బయటపడాలో అప్పుడు నాకు తెలియదు, అదే ఇప్పుడు మీకు చెబుతున్నాను. మగవాళ్లు కూడా చదవండి, ఇలా ఇరుక్కున్న అబ్బాయిలు నాకు తెలుసు.

ముందు ఒక మాట. కోపిష్టులందరూ, తమ గొప్పలు చెప్పుకునేవాళ్లందరూ నార్సిసిస్టులు కారు. నార్సిసిస్టిక్ పర్సనాలిటీ డిజార్డర్ 1980 నుంచి అమెరికన్ సైకియాట్రిస్టుల మానసిక సమస్యల మాన్యువల్‌లో ఉంది. అందులో చెప్పిన తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు ఉండాలి, ఉన్నాయో లేవో తేల్చాల్సింది డాక్టరు. ఆ పేరు మీరు పెట్టక్కర్లేదు. ఆ మనిషి దగ్గర మీరు ఏమైపోతున్నారో గమనించుకుంటే చాలు.

మొదట వచ్చేది పొగడ్త, దాంతోపాటు తొందర. దీన్నే లవ్ బాంబింగ్ అంటున్నారు. రెండో వారానికే "నిన్ను తప్ప ఎవరినీ ఇలా అనుకోలేదు", నెల తిరక్కుండానే పుట్టబోయే పిల్లల పేర్లు. వినడానికి ఎంత బాగుంటుందో నాకు తెలుసు. కానీ ఆ హడావిడిలో మీకు ఆలోచించుకునే ఖాళీ దొరకదు, పైగా అంత ప్రేమగా వింటున్నారు కదా అని ఎవరికీ చెప్పనివన్నీ చెప్పేస్తారు. నేను మా నాన్న తాగుడు గురించి చెప్పుకుని ఏడిస్తే అతను కూడా కళ్లు తుడుచుకున్నాడు. పెళ్లయిన ఆరో నెలలో అదే మనిషి "తాగుబోతు ఇంట్లో పెరిగినదానికి మర్యాద ఎలా తెలుస్తుంది" అన్నాడు. అందుకే మనసులోవి కొన్నాళ్లు ఆగి చెప్పండి. అతను చెప్పే పాత కథలు కూడా శ్రద్ధగా వినండి. మేనేజరు, స్నేహితుడు, పాత ప్రేమ, సొంత తమ్ముడు, ఎవరి కథలోనైనా సరే తప్పు ఎదుటివాళ్లదే అయితే, రేపు ఆ కథలో మీరూ ఉంటారు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన పని. ఒక చిన్న విషయంలో "వద్దు" అనండి. "ఈ ఆదివారం కుదరదు, ఫ్రెండ్ ఇంటికి వెళ్తున్నాను" అని చెప్పి ఊరుకోండి, సంజాయిషీ ఇవ్వకండి. మామూలు మనిషైతే కాస్త చిన్నబుచ్చుకుని, సరే వచ్చే వారం కలుద్దాం అంటాడు. రెండో రకం మనిషి ఆ ఫ్రెండ్ ఎవరు, వీడియో కాల్ చెయ్ అంటాడు, లేదంటే హాయిగా వెళ్లు అని చెప్పి, మీరు అక్కడికి చేరేసరికి బీపీ పడిపోయిందని వాళ్ల అమ్మ చేత ఫోన్ చేయిస్తాడు. ఒక్కసారికే నిర్ణయానికి రాకండి, అందరికీ చెడ్డ రోజులు ఉంటాయి. డబ్బు విషయంలో ఒకసారి, స్నేహితుల విషయంలో ఒకసారి, ఉద్యోగం విషయంలో ఒకసారి చెప్పి చూడండి. మూడుసార్లూ చివరికి మీరే సారీ చెప్పాల్సి వస్తే అది చిన్న సంగతి కాదు. అయితే ఇప్పటికే చెయ్యి చేసుకునే మనిషి దగ్గర ఇలాంటి పరీక్షలు పెట్టకండి, అక్కడ ముందు మీరు క్షేమంగా బయటపడే దారి చూసుకోవాలి.

మనవాళ్లకు దూరం చేయడం మెల్లగా జరుగుతుంది. మీ అక్కతో మాట్లాడొద్దు అని ఎవరూ అనరు. "మనం బాగుంటే మీ అక్కకు నచ్చట్లేదేమో" అంటారు, అది మీ మనసులో నాటుకుంటుంది. కొన్నాళ్లకు అక్క ఫోన్ చేస్తే మీకే చిరాకు వస్తుంది. అందుకే వారానికి ఒక్కసారైనా మీవాళ్లలో ఒకరితో, అతను పక్కన లేనప్పుడు, మాట్లాడండి.

తర్వాత మీ జ్ఞాపకాన్నే అనుమానించేలా చేస్తారు. గ్యాస్‌లైటింగ్ అనే మాట 1938 నాటి ఒక ఇంగ్లిష్ నాటకం నుంచి వచ్చింది, మతి చలిస్తోందని భార్యనే నమ్మించే భర్త కథ అది. మన ఇళ్లలో ఇది "నేనెప్పుడన్నాను అలా? నీకు మతిమరుపు ఎక్కువైంది" అనే రూపంలో వినపడుతుంది. నేనైతే ఒక దశలో థైరాయిడ్ టెస్టు కూడా చేయించుకున్నాను, నిజంగానే మర్చిపోతున్నానేమో అని. దీనికి నాకు పనిచేసిన మందు రాసుకోవడం. ఏ తేదీన ఏం జరిగింది, అన్న మాట అన్నట్టుగా, అతనికి తెలియని కొత్త మెయిల్‌లో రాసి పెట్టుకోండి. నెల తర్వాత చదివితే మీకే తెలుస్తుంది మీ బుర్ర బాగానే ఉందని.

"చదువుంది, ఉద్యోగం ఉంది, ఎందుకు పడి ఉన్నావు?" అని నన్ను చాలామంది అడిగారు. స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పావురాలతో చేసిన ప్రయోగాలు నాకు జవాబు చెప్పాయి. మీటను పొడిచిన ప్రతిసారీ గింజ దొరికే పావురం, గింజలు ఆగిపోతే తొందరగానే మానేస్తుంది. ఎప్పుడు దొరుకుతుందో తెలియకుండా అప్పుడప్పుడు మాత్రమే దొరికిన పావురం, ఆగిపోయాక కూడా చాలాసేపు పొడుస్తూనే ఉంటుంది. పది రోజులు నరకం చూపించి పదకొండో రోజు మల్లెపూలు తెచ్చి ఒళ్లో తల పెట్టుకుంటే, మళ్లీ ఆ పదకొండో రోజు కోసమే బతుకుతాం. మీరు తెలివితక్కువవాళ్లు అని కాదు, మనసు పనిచేసే తీరే అంత.

బయటపడే ముందు సర్దుకోవాల్సినవి ఉన్నాయి. జీతం మీ ఒక్కరి ఖాతాలో పడాలి, ఓటీపీలు మీ ఫోన్‌కే రావాలి. పాస్‌పోర్టు, సర్టిఫికెట్లు, వీలైతే బంగారం మీరు నమ్మే మనిషి దగ్గర ఉండాలి. మీ వాట్సాప్ ఇంకెక్కడైనా తెరిచి ఉందా, మీ లొకేషన్ షేర్ అవుతోందా చూసుకోండి. హెచ్4 వీసా మీద, అంటే భర్త లేదా భార్య ఉద్యోగ వీసాను ఆధారం చేసుకుని, అమెరికాలో ఉన్నవాళ్లు పాస్‌పోర్టు చేజారనివ్వకండి.

2005 గృహహింస చట్టం దెబ్బలనే కాదు, మాటలతో, మానసికంగా, డబ్బు విషయంలో పెట్టే బాధలను కూడా హింసగానే చూస్తుంది. పెళ్లి కాకుండా భార్యాభర్తల్లా కలిసి ఉంటున్న ఆడవాళ్లకు కూడా ఇది వర్తిస్తుంది. మహిళల హెల్ప్‌లైన్ 181, అక్కడి నుంచి బాధిత మహిళలకు సాయం చేసే సఖి కేంద్రానికి పంపిస్తారు. ప్రాణభయం ఉంటే 112. మనసు బాగోలేకపోతే టెలి మానస్ 14416 కి ఎవరైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

పెద్దల పంచాయితీకి సిద్ధంగా ఉండండి. అక్కడ అతను చాలా నెమ్మదిగా మాట్లాడతాడు, మీరు ఏడుస్తూ అరుస్తారు, చూసేవాళ్లకు మీరే గయ్యాళిలా కనపడతారు. రాసి పెట్టుకున్న తేదీలు అప్పుడు పనికొస్తాయి. కాగితం చూసి చదవండి, చదివి ఆగిపోండి.

చివరగా అమ్మానాన్నలకు. ఆ 37 మిస్డ్ కాల్స్ నేను మా అమ్మకు చూపించాను, భయంగా ఉందని కూడా చెప్పాను. "ప్రేమ ఎక్కువైతే అంతేనే, పెళ్లయితే సర్దుకుంటుంది" అంది, అప్పటికే కల్యాణ మండపానికి అడ్వాన్సు కట్టేశారు, శుభలేఖలు అచ్చయిపోయాయి. నాలుగేళ్ల తర్వాత ఒక సూట్‌కేసుతో నేను తిరిగొచ్చిన రాత్రి అమ్మ నా పక్కనే పడుకుని మొదట అడిగింది ఆ మిస్డ్ కాల్స్ గురించే.