అమెరికాలో ఇల్లు కొన్నారా? సీలింగ్ అతుకులు సరిచేసుకోవడం ఇలా

అమెరికాలో ఇల్లు కొన్న మొదటి చలికాలం సీలింగ్‌లో స్కేలు పెట్టి గీసినట్టు సన్నటి బీట కనిపిస్తే చాలామందికి గుండె జారిపోతుంది. మన ఊళ్లో శ్లాబు బీటలిస్తే భయపడతాం కదా. ఇక్కడ చాలా ఇళ్లలో పైన శ్లాబు ఉండదు. చెక్క వాసాలకు మరలతో బిగించిన జిప్సం పలకలు ఉంటాయి, డ్రైవాల్ అంటారు. పలక 4 అడుగుల వెడల్పు, 8 లేదా 12 అడుగుల పొడవు. అలా తిన్నగా సాగిన బీట చాలాసార్లు రెండు పలకల మధ్య అతుకే. బీటతోపాటు పసుపు మరక ఉన్నా, సీలింగ్ కిందికి వంగినా ముందు అసలు కారణం చూపించుకోండి. అద్దె ఇల్లయితే ఫొటో తీసి ఓనర్‌కు పంపండి, మీరు చెయ్యి పెట్టొద్దు.

1980కి ముందు కట్టిన ఇల్లయితే గీకడానికి ముందే ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. అప్పటి అతుకుల లప్పంలో, గరుకు సీలింగ్ పూతలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, దాని సన్నటి నార పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదం. ఆస్బెస్టాస్ కలిపిన లప్పాలను ఇక్కడ నిషేధించింది 1977లో. ఈ పరీక్ష దగ్గర మాత్రం డబ్బు చూసుకోకండి.

ఇక పని. మన పెయింటర్లు గోడకు లప్పం పట్టేది చూసినవాళ్లకు సగం తెలిసినట్టే. ఇక్కడ దాన్ని మడ్ అంటారు. ఊడిన పాత టేపు కోసేసి, సందు లప్పంతో నింపి ఆరనివ్వండి. తర్వాత పలచగా లప్పం పూసి, దాని మీద కాగితం టేపు పరిచి, 6 అంగుళాల లప్పం బ్లేడుతో నొక్కుతూ లాగండి. టేపు కింద లప్పం లేనిచోట తర్వాత బుడగ లేస్తుంది. అంటుకునే జాలీ టేపు సులువనిపిస్తుంది గానీ, దాని మీద మొదటి పూతకు నీళ్లు కలుపుకునే పొడి లప్పమే వాడాలి. బకెట్‌లో కలిపి వచ్చేది ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది, మళ్లీ బీట వస్తుంది. పొడి సంచి మీద 20, 45, 90 అని ఉండే అంకె సుమారుగా అది గట్టిపడే నిమిషాలు. కొత్తవాళ్లు 90 తీసుకోండి.

అసలు కష్టం పలకల పొట్టి అంచులు కలిసేచోట. పొడవు అంచులు ఫ్యాక్టరీలోనే కాస్త పలచగా చేసి ఉంటాయి కాబట్టి అక్కడ లప్పం పల్లంలో కూర్చుంటుంది. పొట్టి అంచులకు ఆ పల్లం లేదు, టేపు మీద గుట్టలా లేస్తుంది. ఎంత గీకినా ఆ గుట్ట పోదు, గీకితే టేపే బయటపడుతుంది. దాన్ని కనపడకుండా చేయడానికి దారి ఒక్కటే, వెడల్పు. 12 అంగుళాల బ్లేడుతో అటు అడుగు, ఇటు అడుగు, అంచులకు పోయేకొద్దీ పలచబడేలా పరచండి. నా మొదటి సీలింగ్‌లో ఒకే పూతలో మందంగా పట్టించాను, పది రోజుల్లో పగిలింది. పలచటి పూతలు మూడు వేయండి. బకెట్ లప్పమైతే పూతకూ పూతకూ మధ్య ఒక రోజు వదలండి.

చివరి పూత ఆరాక ఉప్పుకాగితంతో నున్నగా రుద్దాలి. రుద్దేటప్పుడు ఎన్95 మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. ఏసీ, హీటర్ ఆపి, గాలి లోపలికి పీల్చే జాలీలకు ప్లాస్టిక్ కట్టండి, లేకపోతే దుమ్ము ఇల్లంతా తిరుగుతుంది. పసిపిల్లలుంటే తడి స్పాంజితోనే రుద్దండి. చీకటి పడ్డాక టార్చి సీలింగ్‌కు ఆనించి పక్కనుంచి వెలుతురు కొట్టండి, పగలు కనపడని గుట్టలు అప్పుడు తెలుస్తాయి. అవి సరిచేశాక ప్రైమర్, దాని మీద మెరుపులేని సీలింగ్ పెయింటు. అతుకు వరకే కాకుండా ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వేయండి.