సైనికుడి స్లైడ్లు చదవడం – 4వ పాఠం: ముద్రలో ఉన్న నెల, ఫొటోలో ఉన్న నెల

పోయిన పాఠంలో, వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికులు తీసిన కొడాక్రోమ్ (కొడాక్ కంపెనీ రంగుల ఫిల్ము) స్లైడ్ల చుట్టూ ఉండే అట్ట చట్రం, అంటే మౌంట్ మీద నెల, సంవత్సరం ముద్ర ఉంటుందని చూశాం. వచ్చిన జవాబుల్లో ఎక్కువమంది ఆ నెలనే ఫొటో తీసిన నెలగా రాసేశారు. అందుకని ఈసారి చెప్పాలనుకున్న వెలిసిన రంగుల సంగతి వాయిదా వేస్తున్నాను.

ఆ ముద్ర ఫిల్ము కడిగిన నెల. వియత్నాంలో ఉన్న సైనికుడి కెమెరాలో ఒక రీలు నెలల తరబడి ఉండిపోవచ్చు. అయిపోయాక పోస్టులో ల్యాబుకి వెళ్లాలి. ఇంటికి తిరిగొచ్చాక కడిగించుకున్నవాళ్లూ ఉన్నారు. కాబట్టి ముద్ర చెప్పేది ఒక్కటే: ఫొటో ఆ నెల తర్వాత తీసింది కాదు. అది చివరి హద్దు. మొదటి హద్దు అతను అక్కడ దిగిన తేదీ. ఆర్మీవాళ్లకి మామూలుగా 12 నెలల డ్యూటీ, మెరీన్లకి 13, కాబట్టి ముద్ర ఎంత ఆలస్యంగా పడినా ఫొటో మామూలుగా ఆ గడువు లోపలిదే. ఈ రెండు హద్దుల మధ్య వెతకాలి. చాలామంది తుపాకీ చూస్తారు, నేను ముందు వాన చూస్తాను.

సైగాన్ చుట్టుపక్కల, మెకాంగ్ డెల్టాలో వానలు సుమారు మే నుంచి అక్టోబర్ దాకా. మధ్య తీరంలో, అంటే హ్యూ, డా నాంగ్ వైపు, సెప్టెంబర్ నుంచి జనవరి దాకా. ఇప్పుడు ఒక స్లైడ్ ఊహించండి. ముద్ర అక్టోబర్ 1968. సైనికుడు ఆ ఏడాది ఫిబ్రవరిలో వచ్చి సైగాన్ దగ్గరి కూచీలో ఉన్నాడు. ఫొటోలో నెర్రెలిచ్చిన పొలం, దుమ్ములో గేదె మీద కూర్చున్న పిల్లవాడు. అక్టోబర్‌లో కూచీ అలా ఉండదు. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్‌లో ఉంటుంది. అదే సైనికుడు హ్యూ దగ్గర ఉండి ఉంటే? జూన్, జూలై అనుకోవాలి. చోటు తెలియకుండా రుతువు చెప్పకండి.

స్లైడ్ కుడి ఎడమలు మారి తిరగబడిందేమో చూసుకోవడం మీకు తెలిసిందే. యూఎస్ ఆర్మీ పట్టీ సైనికుడి ఎడమ ఛాతీ మీద, పేరు కుడివైపు. ఊరివాళ్ల ఫొటోల్లో అక్షరాలు ఉండవు కాబట్టి స్లైడ్‌ని వెలుతురులో ఏటవాలుగా పట్టుకోండి. కొడాక్రోమ్‌కి ఎమల్షన్ (బొమ్మ ఏర్పడే పూత) వైపు బొమ్మ కాస్త ఉబ్బెత్తుగా తెలుస్తుంది.

ఇక నాకు చిరాకు తెప్పించిన విషయం. నల్లబట్టల్లో ఉన్న ప్రతి మనిషికీ 'వియత్‌కాంగ్' (దక్షిణ వియత్నాం ప్రభుత్వంపై పోరాడిన కమ్యూనిస్టు గెరిల్లా) అని శీర్షిక పెట్టారు. నాట్లు వేస్తున్న ముసలమ్మకి కూడా! వదులు చొక్కా, పైజామా కలిసిన ఆ దుస్తుల్ని ఆవో బా బా అంటారు. దక్షిణ వియత్నాంలో రైతులు రోజూ వేసుకునేవే, నలుపైనా గోధుమరంగైనా. గెరిల్లాలూ అవే వేసుకున్నారు, ఎందుకంటే వాళ్లలో చాలామంది ఆ ఊళ్లవాళ్లే. అంతేకాదు, సైగాన్‌లోని దక్షిణ వియత్నాం ప్రభుత్వం పల్లెలకు పంపిన రెవల్యూషనరీ డెవలప్‌మెంట్ కార్యకర్తలకీ నల్లబట్టలే. మెడలో గళ్ల కండువా ఉందంటారా? అది డెల్టాలో మామూలు జనం కప్పుకునే ఖాన్ రాన్. ఎటు చూసినా బట్టల రంగు ఎవరి పక్షమో చెప్పదు. మౌంట్ మీద సైనికుడే 'వీసీ' (వియత్‌కాంగ్) అని రాసి ఉంటే కొట్టేయకండి, కొటేషన్ గుర్తుల్లో పెట్టి 'మౌంట్ మీది రాత' అని పక్కన రాయండి. అది అతను ఏమనుకున్నాడో చెప్పే ఆధారం. శీర్షికలో మీ మాటగా మాత్రం 'నల్లబట్టల్లో నాట్లు వేస్తున్న స్త్రీ' అని ఉంటే చాలు.

అభ్యాసం: టెక్సస్ టెక్ యూనివర్సిటీ వియత్నాం ఆర్కైవ్ ఆన్‌లైన్‌లో ఉంది. ఒకే సైనికుడి సేకరణ నుంచి పల్లె ఫొటోలు పది తీసుకోండి. ఆర్కైవ్ ఇచ్చిన తేదీ, వివరం కాగితంతో మూసేయండి. చోటు మాత్రం చూడొచ్చు. ప్రతి ఫొటోకి ఏ నెల నుంచి ఏ నెల దాకా అని రెండు హద్దులు, వాటికి ఫొటోలోనే కనిపించే కారణం ఒక్కొక్కటి, బట్టల రంగును సాక్ష్యంగా వాడని శీర్షిక రాయండి. తర్వాత కాగితం తీసి పోల్చుకోండి. ఆర్కైవ్ తేదీ మీ హద్దుల బయట పడితే మీదే తప్పని వెంటనే దిద్దేయకండి, అది ముద్ర తేదీ కావచ్చు. ఒక్క నెల మాత్రం రాసి పంపిన జవాబులు ఈసారి చూడను.