సాఫ్ట్‌వేర్ వ్యాసానికి సవాలు విసిరే తొలి వాక్యం రాయడం ఎలా?

సాఫ్ట్‌వేర్ గురించి రాసే వ్యాసాల్లో చాలా వాటికి మొదటి పేరా దండగ. సాంకేతికత రోజురోజుకూ పెరుగుతోందని, ఫలానా భాషకు ఆదరణ ఎక్కువగా ఉందని చెప్పే ఆ వాక్యాలను కొట్టేసి చదివినా పాఠకుడికి పోయేదేమీ ఉండదు. పైగా అసలు విషయం చేరేలోపే అతడి ఓపిక కరిగిపోతుంది. అందువల్ల పాఠకుడు నిజమని నమ్ముతున్న ఒక విషయాన్ని సూటిగా ప్రశ్నిస్తూ మొదలుపెట్టండి. అయితే అలా మొదలుపెట్టినవారు వెంటనే రుజువు చూపించాలి.

ఈ పద్ధతికి చక్కని ఉదాహరణ 1968 మార్చిలో కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం అనే కంప్యూటర్ శాస్త్ర పత్రికలో శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా రాసిన లేఖ. ప్రోగ్రాంలో గో టూ ఆదేశాలు (ఒక చోటి నుంచి నేరుగా మరో చోటికి దూకమని చెప్పేవి) ఎంత దట్టంగా ఉంటే దాన్ని రాసినవారి నాణ్యత అంత తక్కువగా ఉంటుందని తాను ఏళ్లుగా గమనిస్తున్నానంటూ ఆయన మొదలుపెట్టారు. ఆ వెంటనే కారణంలోకి దిగారు: మనిషి బుద్ధి స్థిరమైన సంబంధాలను పట్టుకున్నంత తేలికగా కాలంతో పాటు మారే ప్రక్రియను పట్టుకోలేదు కాబట్టి, రాసిన పాఠానికీ నడిచే ప్రోగ్రాంకూ మధ్య దూరం తగ్గాలన్నది ఆయన వాదన. గో టూ హానికరమని చాటిన ఆ ప్రసిద్ధ శీర్షిక మాత్రం ఆయనది కాదు, సంపాదకుడు నిక్లాస్ విర్త్ పెట్టినది. 1974లో మరో పేరొందిన కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్, గో టూ ఎక్కడ పనికొస్తుందో చూపిస్తూ సుదీర్ఘ వ్యాసం రాశారు. తొలి వాక్యం కింద వాదన ఉంది కనుకనే అంతటివారు దాన్ని పట్టించుకున్నారు. ఒక్క విషయంలో మాత్రం డైక్‌స్ట్రాను అనుసరించవద్దని నా సలహా: ఆయన వాక్యం ప్రోగ్రామర్లనే తూకం వేసింది. మీరు అలవాటును ప్రశ్నించండి, మనుషుల జోలికి పోకండి.

ఇక రాసే పద్ధతి. వ్యాసంలో మీరు నిరూపించబోయేది ముందుగా ఒక్క వాక్యంలో రాసుకుని, దాన్ని చదివి "కాదే!" అనేది ఎవరో ఆలోచించండి. భాషల అక్షరాలకు, గుర్తులకు సంఖ్యలు కేటాయించే యూనికోడ్ ప్రమాణం గురించి రాస్తున్నారనుకుందాం. "భారతీయ భాషల అక్షరాలను కంప్యూటర్ ఎలా నిల్వ చేస్తుందో ఈ వ్యాసంలో తెలుసుకుందాం" అన్న వాక్యానికి ఎవరూ అడ్డు చెప్పరు, ఎవరూ ఆగి చదవరు. దాని బదులు ఇలా రాయండి: "'తెలుగు' అన్న మాటలో ఎన్ని అక్షరాలున్నాయో మీ ప్రోగ్రాంకు తెలియదు."

రెండో వాక్యంలోనే రుజువు రావాలి. బడికి వెళ్లే పిల్లలు మూడు అని చెప్పే ఆ మాటకు జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో లెంగ్త్ (పొడవు) అడిగితే 6 వస్తుంది. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని గుణింతపు గుర్తులను కూడా అది విడివిడిగా లెక్కిస్తుంది. యూనికోడ్ పాఠాన్ని బైట్లుగా నిల్వ చేసే యూటీఎఫ్-8 పద్ధతిలో అదే మాట 18 బైట్లు. తర్వాత దీనివల్ల కలిగే నష్టం చూపండి: ఒక గడిలో లెంగ్త్ లెక్కన ఐదుకు మించి నిల్వ చేయకుండా కత్తిరిస్తే చివరి కొమ్ము ఊడిపోయి "తెలుగ" మిగులుతుంది. పాఠకుడు తన కంప్యూటర్‌లోనే దీన్ని సరిచూసుకోగలడు. అలా సరిచూసుకునే వీలు లేని సవాలును నేనైతే తొలి వాక్యంగా వాడను.

చివరగా, ఆ వాక్యాన్ని మీరే ఎదురు పార్టీ వకీలులా నిలదీయండి. స్విఫ్ట్ అనే మరో ప్రోగ్రామింగ్ భాషలో కౌంట్ (లెక్క) అడిగితే సరిగ్గా 3 వస్తుంది. జావాస్క్రిప్ట్‌లో కూడా మాటను ముక్కలుగా విడదీసే ఇంటల్ సెగ్మెంటర్ (Intl.Segmenter) అనే సాధనం వాడితే మూడు అక్షరాలుగానే విడదీస్తుంది. అంటే "మీ ప్రోగ్రాంకు తెలియదు" అన్నది అతిశయోక్తి, స్విఫ్ట్ తెలిసిన పాఠకుడు అక్కడే చదవడం ఆపేస్తాడు. దాన్ని "లెంగ్త్‌ను నమ్ముకున్న జావాస్క్రిప్ట్ ప్రోగ్రాం 'తెలుగు' అన్న మాటలో ఆరు అక్షరాలున్నాయంటుంది" అని దిద్దండి. పరిధి తగ్గినా పదును తగ్గలేదు, పైగా ఇప్పుడు దీన్ని ఎవరూ తప్పుపట్టలేరు.