ఆంప్లిఫయర్‌కు స్పీకర్ బాక్సులు కలిపే ముందు

మండపం దగ్గర సామాను దించాక, తీగలు బిగించే ముందు ఇవి చూసుకోండి.

• బాక్సు వెనుక రాసిన ఓములు (కరెంటుకు బాక్సు ఇచ్చే అడ్డు; ఇవి తగ్గేకొద్దీ ఆంప్లిఫయర్ మీద భారం పెరుగుతుంది) చదవండి. 8 ఓముల బాక్సులు రెండు సమాంతరంగా కలిపితే 4 ఓములు, నాలుగు కలిపితే 2. ఆంప్లిఫయర్ 4 ఓముల కంటే తక్కువను తట్టుకోలేనిదైతే ఆ ఛానెల్‌కు మూడో బాక్సు తగిలించవద్దు, ఎవరు ఎంత బతిమాలినా. బ్రిడ్జ్ మోడ్‌లో (రెండు ఛానెళ్లను కలిపి ఒకటిగా వాడేటప్పుడు) మరింత జాగ్రత్త: 4 ఓముల సబ్ (బేస్ బాక్సు) పెడితే ఒక్కో ఛానెల్ మీద 2 ఓముల భారం పడినట్టే.

• పీక్ వాట్లు (క్షణకాలం తట్టుకునేవి) చూసి మురిసిపోకండి, ఆర్‌ఎంఎస్ (ఎడతెగకుండా తట్టుకునే వాట్లు) చూడండి. 500 వాట్ల ఆర్‌ఎంఎస్ బాక్సుకు, అవే ఓముల వద్ద 750 నుంచి 1000 వాట్లిచ్చే ఆంప్లిఫయర్ సరిపోతుంది. చిన్న ఆంప్లిఫయర్‌ను క్లిప్ లైటు (శక్తికి మించి తోలుతున్నామని చెప్పే దీపం) ఆరకుండా తోలితే ముందు కాలేది ట్వీటరే (సన్నని శబ్దాలిచ్చే చిన్న స్పీకరు).

• సబ్‌లకు, టాప్‌లకు (బేస్ కాక మిగతా శబ్దాలిచ్చే బాక్సులు) వేర్వేరు ఆంప్లిఫయర్లు. క్రాసోవర్‌ను (బేస్‌ను సబ్‌లకు, మిగతాదాన్ని టాప్‌లకు విడదీసేది) 100 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి చెవితో సవరించండి.

• ప్లస్, మైనస్ తారుమారైతే పక్కపక్కనున్న రెండు సబ్‌లు ఒకదాని మోతను మరొకటి మింగేస్తాయి. అనుమానముంటే ఆంప్లిఫయర్ నుంచి తీగ విప్పి, దాని కొసలకు 1.5 వోల్టుల బ్యాటరీని క్షణం తాకించండి. అన్ని కోన్‌లూ (స్పీకరు ముందు కదిలే పొరలు) ఒకే వైపు కదలాలి.

• జనరేటర్ వోల్టేజీని మీటరుతో చూడండి.

• ఆన్ చేసేటప్పుడు మిక్సర్ ముందు, ఆంప్లిఫయర్ చివర. ఆపేటప్పుడు ఆంప్లిఫయరే మొదట.