అమెరికాను రోమ్‌తో పోల్చే ముందు: లక్షణం, కారణం, పరిష్కారం

"అమెరికా పని అయిపోయింది, రోమ్‌కు పట్టిన గతే దీనికీ పడుతుంది" అనే మాట తరచూ వినిపిస్తోంది. పిల్లల్ని డాలస్‌కో న్యూజెర్సీకో పంపిన తెలుగు ఇళ్లలో ఈ మాట వింటే నిజంగానే టెన్షన్ పుడుతుంది. పోల్చడం తప్పు కాదు. కానీ ఒళ్లు వేడిగా ఉందని టైఫాయిడ్ అని తేల్చేస్తే ఎలా? పాత సామ్రాజ్యాల కథల్లో నేను ముందు వెతికేది ఒకటే: దారి తెలిసి కూడా, దాని ఖర్చు భరించడానికి ఎవరు ఒప్పుకోలేదు?

సమస్య: పోలిక ఎటూ తేలడం లేదు

కారణం: ఏ రోమ్ గురించి మాట్లాడుతున్నామో ఎవరూ చెప్పరు. రోమన్ గణతంత్రం క్రీ.పూ. 27 నాటికి ముగిసింది. పశ్చిమ సామ్రాజ్యం క్రీ.శ. 476లో, తూర్పు సామ్రాజ్య రాజధాని కాన్‌స్టాంటినోపుల్ 1453లో పోయాయి. మూడింటి కారణాలు వేరు.

పరిష్కారం: డబ్బు, సైన్యం గురించి మాట్లాడితే 3వ శతాబ్దం నుంచి చూడండి. ఎన్నికలు, చట్టసభల గురించి అయితే క్రీ.పూ. 133 నుంచి చూడండి. ఆ రెంటినీ కలిపేస్తే ఏ దేశానికైనా ఏ జాతకమైనా చెప్పేయవచ్చు.

లక్షణం: అప్పు కొండలా పెరిగింది

అమెరికా ప్రభుత్వ అప్పు 2025కే 36 లక్షల కోట్ల డాలర్లు దాటింది. 2024 ఆర్థిక సంవత్సరంలో నికర వడ్డీ చెల్లింపులు రక్షణ ఖర్చును మించిపోయాయి. దేశాల అప్పు తీర్చే సత్తాకు మార్కులు వేసే మూడీస్ సంస్థ కూడా 2025 మే నెలలో అమెరికా రేటింగ్ తగ్గించింది. మామూలుగా అందరూ ఇక్కడే ఆగి తీర్పు చెప్పేస్తారు.

కానీ 1780ల్లో ఫ్రాన్స్‌నూ బ్రిటన్‌నూ పక్కపక్కన పెట్టి చూడండి. దేశ ఆదాయంతో పోలిస్తే బ్రిటన్ అప్పే ఎక్కువ. అయినా కూలింది ఫ్రాన్స్. 1788లో ఫ్రాన్స్ ప్రభుత్వ ఖర్చులో దాదాపు సగం అప్పుల కిందకే పోయింది. ఆర్థిక మంత్రి కలోన్ 1787లో ప్రముఖుల సభను పిలిచి, అందరి భూమి మీదా పన్ను వేద్దామన్నాడు. పన్ను మినహాయింపులు అనుభవిస్తున్న పెద్దలు ఒప్పుకోలేదు, అతని పదవే పోయింది. రెండేళ్లలో విప్లవం వచ్చింది. బ్రిటన్‌లో పన్నులు ఫ్రాన్స్ కంటే బరువైనవే. కానీ వాటిని వేసేది పార్లమెంటు, వసూలు పద్ధతిగా జరిగేది. అందుకే తక్కువ వడ్డీకి అప్పు పుట్టేది. నెపోలియన్ యుద్ధాలు ముగిసేసరికి ఆ అప్పు దేశ ఆదాయానికి దాదాపు రెండింతలైంది. అయినా బ్రిటన్ అత్యంత బలంగా ఉన్న శతాబ్దం ఆ తర్వాతే వచ్చింది.

అమెరికా చరిత్రలోనే ఇంకో సాక్ష్యం ఉంది. 1946లో ప్రజల చేతిలో ఉన్న ప్రభుత్వ అప్పు (ప్రభుత్వం తన సొంత సంస్థలకే బాకీ పడ్డది పోను మిగిలినది) జీడీపీని మించింది. 1974 నాటికి అది జీడీపీలో నాలుగో వంతుకు దిగింది. ఆర్థికవృద్ధి, ద్రవ్యోల్బణం, తక్కువ వడ్డీ, వాటితో పాటు 1950ల్లో 90 శాతం దాటిన గరిష్ఠ ఆదాయపు పన్ను కలిసి చేసిన పని అది.

పరిష్కారం: అప్పు అంకెను పక్కన పెట్టి, పన్ను వేయగల సత్తా ఉందా లేదా చూడండి. 2017 నాటి పన్ను కోతల్లో చాలావాటిని 2025లో శాశ్వతం చేశారు. వృద్ధుల పెన్షన్, వైద్యం ఖర్చుల జోలికి వెళ్లడానికి రెండు పార్టీలకూ ధైర్యం చాలదు. డబ్బున్న దేశం ఇది, కట్టలేక కాదు. నన్ను భయపెట్టేది కట్టడానికి ఒప్పుకోకపోవడమే, ఎందుకంటే 1787 ఫ్రాన్స్‌కు దగ్గరగా ఉన్నది అదే.

లక్షణం: డబ్బు మీద నమ్మకం తగ్గుతోంది

రోమ్ తొలి చక్రవర్తి అగస్టస్ కాలంలో దినారియస్ అనే నాణెం దాదాపు మేలిమి వెండి. సైనికుల జీతాల ఖర్చు పెరిగేకొద్దీ తర్వాతి చక్రవర్తులు వెండి తగ్గిస్తూ పోయారు. 260ల చివరికి రోమన్ వెండి నాణెంలో వెండి 5 శాతం కూడా లేదు. డయోక్లీషియన్ చక్రవర్తి 301లో వెయ్యికి పైగా సరుకులకు గరిష్ఠ ధరలు ప్రకటించి, మీరితే మరణశిక్ష అన్నాడు. సరుకే మార్కెట్‌లోంచి మాయమైంది. కాన్‌స్టాంటిన్ తెచ్చిన సుమారు 4.5 గ్రాముల బంగారు సాలిడస్ మాత్రం దాదాపు 700 ఏళ్లు నిలబడింది. అయితే అది ఉన్నవాళ్ల నాణెం, పేదల చేతిలోని రాగి నాణెం విలువ పడిపోతూనే ఉంది. ఈ సంగతి చెప్పకుండా సాలిడస్‌ను పొగడడం న్యాయం కాదు.

డాలర్‌కూ బంగారానికీ ఉన్న లంకెను నిక్సన్ 1971 ఆగస్టులో తెంచాడు. ప్రపంచ దేశాల విదేశీ నిల్వల్లో డాలర్ వాటా 2000 ప్రాంతంలో 70 శాతం పైన ఉండేది, ఇప్పుడు 60 లోపు. తగ్గింది, కూలలేదు. డాలర్‌కు రోమ్ నాణెం కంటే 1956 నాటి పౌండ్‌తో పోలిక బాగా కుదురుతుంది. ఈజిప్టులోని సూయజ్ కాలువ కోసం దాడి చేసిన బ్రిటన్ విదేశీ నిల్వలు కరిగిపోతుంటే, వెనక్కి తగ్గేదాకా సాయం లేదని అమెరికా తేల్చి చెప్పింది. అప్పట్లో పౌండ్ పక్కనే డాలర్ సిద్ధంగా ఉంది. ఇప్పుడు డాలర్ పక్కన అలాంటిది ఏముంది అని అడగడమే సరైన పరీక్ష.

లక్షణం: సైన్యం దూరదేశాల్లో ఇరుక్కుంది

దీనికి మన నేల మీదే ఉదాహరణ ఉంది. 1681లో దక్కన్‌కు దిగిన ఔరంగజేబు మళ్లీ ఢిల్లీ చూడలేదు. ఎనిమిది నెలల ముట్టడి తర్వాత 1687లో గోల్కొండ పట్టుకున్నాడు. రాజ్యం మ్యాపులో అంత పెద్దది ఎన్నడూ లేదు. కానీ కొత్తగా చేర్చుకున్న మన్సబ్‌దార్లకు (మొఘల్ కొలువులోని అధికారులకు) జీతం కింద ఇవ్వడానికి జాగీర్లు, అంటే శిస్తు వసూలు హక్కున్న భూములు, చాలలేదు, యుద్ధంతో పాడైన జాగీర్లలో శిస్తు వసూలు కాలేదు. 1707లో ఆయన చనిపోయాడు. 1724కే హైదరాబాద్ నిజాం దాదాపు స్వతంత్రుడు.

పరిష్కారం: గెలిచిన నేలను కూడా వదులుకోగలగడం. ట్రాజన్ చక్రవర్తి గెలిచిన మెసొపొటేమియాను (నేటి ఇరాక్ ప్రాంతం) అతని తర్వాత వచ్చిన హేడ్రియన్ 117లో వదిలేశాడు, పశ్చిమ రోమ్ ఆ తర్వాత మూడున్నర శతాబ్దాలు బతికింది. 2021లో కాబూల్ నుంచి అమెరికా బయటపడిన తీరు ఘోరం, నమ్ముకున్నవాళ్లకు అన్యాయం జరిగింది. బయటపడాలన్న నిర్ణయం మాత్రం పతనానికి గుర్తు కాదు.

లక్షణం: బయటివాళ్లకు తలుపులు మూస్తున్నారు

క్రీ.శ. 48లో గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) పెద్దల్ని రోమ్ సెనేట్‌లోకి తీసుకోవడానికి సెనేటర్లు అడ్డుపడితే, మన పూర్వీకులు కూడా బయటినుంచి వచ్చినవాళ్లేనని క్లాడియస్ చక్రవర్తి వాదించి గెలిచాడు. స్పెయిన్ దీనికి సరిగ్గా ఎదురు దారి పట్టింది. 1609 నుంచి 1614 మధ్య మోరిస్కోలను, అంటే క్రైస్తవంలోకి మారిన ముస్లింల సంతతివాళ్లను, వెళ్లగొట్టింది, వలెన్సియాలో పొలాలు దున్నేవాళ్లు లేక బీడుపడ్డాయి. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు మన ఊళ్లలో కలిగిన కలవరం అందరికీ గుర్తే. అది మన కష్టం. అమెరికా నష్టం వేరే లెక్క, అది నెమ్మదిగా తేలుతుంది.

లక్షణం: ఓటమిని ఒప్పుకోవడం లేదు, రాజకీయం కొట్లాటకు దిగింది

అన్నిటికంటే నేను సీరియస్‌గా తీసుకునేది ఇదే. ప్రభుత్వ భూమిని పేదలకు పంచుదామన్న టైబీరియస్ గ్రాకస్‌ను క్రీ.పూ. 133లో సెనేటర్లే గుంపుగా వచ్చి కొట్టి చంపారు. ఆ భూముల్ని అనుభవిస్తున్నది పెద్దవాళ్లే. 45 ఏళ్ల తర్వాత సుల్లా అనే రోమన్ సేనాని సైన్యంతో రోమ్ మీదకే వచ్చాడు. సైనికులు ఎందుకు వెంట నడిచారు? కొలువు అయిపోయాక వాళ్లకు భూమి ఇప్పించేది సేనాని, రాజ్యం కాదు. ఆ బాధ్యత తలకెత్తుకోవడానికి సెనేట్ ఇష్టపడలేదు.

2021 జనవరి 6న అమెరికా కాంగ్రెస్ భవనమైన క్యాపిటల్ మీద దాడి జరిగింది. అదే రాత్రి కాంగ్రెస్ మళ్లీ కూర్చుని ఓట్ల లెక్క పూర్తిచేసింది, సైన్యం ఏ నాయకుడి వైపూ కదలలేదు. సుల్లా నాటి రోమ్‌కూ అమెరికాకూ ఇప్పటికున్న తేడా ఇదే. కాబట్టి సైనికుడి ప్రమాణం రాజ్యాంగం మీదా మనిషి మీదా, జీతం మంజూరు చేసేది కాంగ్రెసా వేరెవరైనానా అన్నది ఏటా చూసుకోవాలి.

రోమ్ దగ్గరా దీనికి పరిష్కారం ఉంది. రిటైరైన సైనికుల కోసం అగస్టస్ క్రీ.శ. 6లో ప్రత్యేక ఖజానా పెట్టి, దానికోసం వారసత్వాల మీద 5 శాతం పన్ను వేశాడు. సెనేటర్లు అప్పుడూ గొణిగారు, కానీ కట్టారు. అప్పటికి గణతంత్రం పోయి ముప్పై ఏళ్లు దాటింది.